రీబూట్ తర్వాత టేప్ డ్రైవ్‌లు తారుమారైతే: నా అనుభవం

మా లైనక్స్ బ్యాకప్ సర్వర్‌కి రెండు డ్రైవ్‌ల టేప్ లైబ్రరీ (రోబో చెయ్యే టేపుల్ని తీసి డ్రైవ్‌లో పెట్టే పెట్టె) ఉంది, మొన్న రీబూట్ తర్వాత రోబో టేప్‌ని ఒక డ్రైవ్‌లో పెడుతుంటే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని తెరిచి టేప్ లేదు అంటోంది. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. లైనక్స్ లోపలి ముఖ్య భాగమైన కెర్నల్ ఏ డ్రైవ్‌ని ముందు చూస్తే దానికే ఎన్‌ఎస్‌టీ0 అని పేరు ఇచ్చేస్తుంది, రోబో మాత్రం లైబ్రరీలో డ్రైవ్ ఉన్న చోటుని బట్టి లెక్కపెడుతుంది, ఈ రెండూ కలవాలని రూలేం లేదు.

ముందు సర్వర్‌కి తగిలించిన పరికరాల్ని చూపే ఎల్‌ఎస్‌స్కజీ -జీ కమాండ్ కొట్టా, డ్రైవ్‌లు టేప్ అని, రోబో మీడియమ్‌ఎక్స్ అని కనబడ్డాయి. ఎస్‌జీ పేరు (రోబోకి ఆదేశాలు పంపడానికి వాడే పేరు) రావాల్సిన చోట ఉత్త గీతే ఉంటే ఎస్‌జీ మాడ్యూల్ అనే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కెర్నల్‌లో లోడ్ అయిందో లేదో చూడండి, అది లేకపోతే రోబోతో మాట్లాడటం కుదరదు.

తర్వాత రోబోని నడిపే ఎమ్‌టీఎక్స్ కమాండ్‌తో ఒక టేప్‌ని డ్రైవ్ 0లోకి ఎక్కించి, రెండు డ్రైవ్‌ల మీదా వాటి స్థితి చెప్పే ఎమ్‌టీ స్టేటస్ కమాండ్ కొట్టి చూశా, ఒకటి ఆన్‌లైన్ అంది, రెండోది డీఆర్_ఓపెన్ అంది, అంటే అది ఖాళీ. ఆన్‌లైన్ అన్నదే రోబో లెక్కలో డ్రైవ్ 0.

ఇక డెవ్ కింద టేప్, దాని కింద బై-ఐడీ ఫోల్డర్‌లో సీరియల్ నంబర్‌ని బట్టి ఉండే లింకులనే కాన్ఫిగ్‌లో పెట్టేశా, మళ్ళీ రీబూట్ చేసినా పేర్లు కదల్లేదు. చివర ఎన్‌ఎస్‌టీ ఉన్న లింకే తీసుకోండి, ఉత్త ఎస్‌టీ అయితే మూసిన ప్రతిసారీ టేప్ మొదటికి చుట్టేస్తుంది, తర్వాతి జాబ్ పాత డేటా మీదే రాసేసే ప్రమాదం ఉంది.