సంక్రాంతి పెట్టుపోతలు: లెక్క దసరాకు ముందే

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో సంక్రాంతి ఖర్చు భోగి నాడు మొదలవదు. దసరా బట్టలతో మొదలై దీపావళి స్వీట్ల మీదుగా కొత్త అల్లుడి దాకా సాగుతుంది. అల్లుడొచ్చేసరికి చేతిలో డబ్బుండదు, అప్పు మొదలవుతుంది. అందుకే లెక్క దసరాకు ముందే వేసుకోండి.

ముందు ఎవరెవరికి పెట్టాలో పేర్లు రాయండి. పక్కన రూపాయల్లో అంకె వేయండి. "చీర" అని మాత్రం రాయకండి. ఎనిమిది వందలదీ చీరే, ఎనిమిది వేలదీ చీరే. షాపులో కూర్చున్నాక ఏది చేతికొస్తుందో చెప్పలేం. పోయినసారి వాళ్లు మనకేం పెట్టారో కూడా గుర్తు చేసుకుని రాయండి. ఆడపడుచుకి ఎక్కువ, తోడికోడలికి తక్కువ అనే మాట ఇక్కడే తేల్చుకుంటే మంచిది.

ఇరుగుపొరుగుకి డబ్బు పెట్టనక్కర్లేదు. పక్కింటి ఒడియా వాళ్లు జూన్‌లో రజో పండక్కి పొడొ పిఠా అనే పిండివంట పంపితే, మనం సంక్రాంతికి అరిసెలు పంపుతాం. కొన్న స్వీట్ బాక్సు కంటే వాటికే విలువెక్కువ.

అల్లుడి విషయంలో మొహమాటం పనికిరాదు. ఉంగరమా, బట్టలా, నగదా అన్నది దీపావళి లోపే అమ్మాయితో మాట్లాడేయండి. చాలాసార్లు అల్లుడికే ఆ ఉంగరం అక్కర్లేదు. నలుగురూ ఏమనుకుంటారోనని అత్తమామలకే టెన్షన్. బంగారమే అనుకుంటే గ్రాము ధర ఒక్కటే చూసి లెక్కేయకండి. దాని మీద తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ పడతాయి. హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకి మాత్రమే ఉండే గుర్తింపు కోడ్, ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

బరంపురం పట్టుకి జీఐ (ఆ ఊరి సరుకుగా ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది. కానీ దాని ప్రత్యేకతైన కుంభాల అంచు కనిపించగానే అసలు పట్టే అనుకోకండి. సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. అది పట్టు అసలుదో కాదో చెబుతుంది గానీ చేతి మగ్గం మీద నేసిందని చెప్పదు. దానికి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంటుంది.

వారం వారం కట్టించుకుని పండక్కి సరుకులో డబ్బో ఇస్తామనే పండగ చీటీలతో జాగ్రత్త. కట్టించుకునేవాళ్లు తెలిసినవాళ్లే కావచ్చు, కానీ రిజిస్టర్ కాని చీటీ మునిగితే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. అదే మొత్తాన్ని బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టుకోండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మామూలు తగ్గింపు పోతోందేమో అడగండి. పండగ బహుమతి వచ్చిందంటూ లింకు పంపి యూపీఐ పిన్ కొట్టమంటే అది మోసమే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చాలామంది జాబితాలో రాయని ఖర్చు ప్రయాణం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. అంటే విశాఖ, హైదరాబాద్‌ల నుంచి పిల్లలు పండక్కి రావాలంటే నవంబర్ రెండో వారంలోనే టికెట్లు చూడాలి. అది దాటితే తత్కాల్, అదీ దొరక్కపోతే ప్రైవేట్ బస్సు. పండగ రోజుల్లో ఆ బస్సు టికెట్‌కి పెట్టే డబ్బుతో ఇంట్లో ఇద్దరికి బట్టలు వస్తాయి.