కారు రేడియోలో గరగర: సెట్టు మార్చే ముందు చూడాల్సినవి

కోనసీమ, నరసాపురం, భీమవరం వైపు కారు రేడియో పలకడం లేదంటే సెట్టే పాడవడం అరుదు. ఉప్పు గాలికి యాంటెన్నా మొదలు దగ్గర పట్టిన చిలుము, వదులైన ఎర్త్ (కారు బాడీకి కలిపే నెగెటివ్ వైరు), తప్పు సెట్టింగు, చాలా వరకు ఈ మూడింట్లో ఏదో ఒకటి. అందుకని కొత్త సెట్టుకు డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. సెట్టు ముందుకు లాగి, వెనక ఉన్న యాంటెన్నా ప్లగ్గు పీకండి. ఆ సాకెట్టు నడిమి రంధ్రంలో 75 సెంటీమీటర్ల వైరు ముక్క దూర్చి, రెండో కొస కిటికీలోంచి బయటికి నిలబెట్టండి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు, దానిలో నాలుగో వంతు కాబట్టి ఆ కొలత. స్టేషన్ తేటగా వచ్చిందా, సెట్టు మంచిదే. తప్పు యాంటెన్నాలోనో దాని కేబుల్లోనో ఉంది.

‘సాట్’ బటన్ నొక్కితే సిగ్నల్ లేదంటోంది

అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చిన సెట్లలో ఇది మామూలే. ‘సాట్’ అంటే ఉపగ్రహ రేడియో. అక్కడి చందా ఉపగ్రహ రేడియో సిరియస్ ఎక్స్ఎమ్ ఉపగ్రహాలు 2320–2345 మెగాహెర్ట్జ్‌లో ఉత్తర అమెరికా వైపే ప్రసారం చేస్తాయి. ఇక్కడ కప్పు మీద ఏ యాంటెన్నా బిగించినా, చందా కట్టినా ఫలితం ఉండదు. మన దేశంలో వినిపించిన వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో కూడా 2009 డిసెంబరు 31తో ఆగిపోయింది. కాబట్టి దీనికి మరమ్మతు లేదు, రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ఆకాశవాణి ఛానళ్లు కావాలంటే ఫోన్లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టి బ్లూటూత్‌తో వినండి.

అదే సెట్టులో కొన్ని స్టేషన్లు అసలు తగలడం లేదు

సెట్టు ఇంకా అమెరికా లెక్కలోనే నడుస్తోంది. అక్కడ ఎఫ్ఎమ్ 102.1 నుంచి 102.3కి దూకుతుంది, మధ్యలో 102.2 ఉండదు. మీడియం వేవ్ అయితే 10 కిలోహెర్ట్జ్ చొప్పున కదులుతుంది, మనది 9 చొప్పున. విజయవాడ కేంద్రం 837 కావాలంటే 830 దగ్గరో 840 దగ్గరో ఆగిపోతుంది. సెట్టింగుల్లో ‘రేడియో రీజియన్’ లేదా ‘ట్యూనర్ ఏరియా’ అని ఉంటుంది, దాన్ని ఆసియాకో యూరప్‌కో మార్చండి. కొన్ని మోడళ్లలో సెట్టు ఆపి ఉంచినప్పుడే ఆ మెనూ తెరుచుకుంటుంది. మార్చగానే దాచుకున్న స్టేషన్లు చెరిగిపోతాయి, ముందే రాసిపెట్టుకోండి.

వాన పడ్డాక ఎఫ్ఎమ్ పడిపోతోంది, రెండు ఎండలు కాస్తే మళ్లీ వస్తోంది

డెల్టాలో అన్నిటికన్నా ఎక్కువగా చూడాల్సింది దీన్నే. కప్పు మీది యాంటెన్నా కింద రబ్బరు వాషర్ గట్టిపడి పగిలితే నీళ్లు లోపలికి దిగుతాయి, కేబుల్ అల్లిక వెంబడి పాకుతాయి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ల కార్లలో ఆ తడి ఉప్పుతడి కూడాను, రాగిని పచ్చగా తినేస్తుంది.

పుల్ల యాంటెన్నా అయితే ముందు దాన్ని మరతిప్పి ఊడదీసి మరల వైపు చూడండి. పచ్చగానో తెల్లగానో పొడి కనిపిస్తే సన్న ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి బిగించండి. బిగించాక బయటి అతుకు చుట్టూ పల్చగా వాజిలిన్ రాయండి. తరవాత మల్టీమీటర్‌తో మూడు కొలతలు. ప్లగ్గు నడిమి పిన్నుకీ పుల్ల కొసకీ మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు రావాలి. పిన్నుకీ బయటి గొట్టానికీ మధ్య కనెక్షనే ఉండకూడదు (మీటరు ‘OL’ చూపాలి), ఓమ్‌లు చూపిస్తే కేబుల్లో నీరో షార్టో ఉంది. బయటి గొట్టానికీ కారు బాడీకీ మధ్య మళ్లీ సున్నా రావాలి. లోపల బూస్టర్ (సిగ్నల్ పెంచే చిన్న సర్క్యూట్) ఉన్న షార్క్ ఫిన్ (చేప రెక్క ఆకారపు) రకానికి మొదటి రెండు కొలతలు వర్తించవు.

నీరు దిగినట్టు తేలితే లోకప్పు గుడ్డ వెనక భాగం జార్చి, నట్టు విప్పి, వాషర్ కొత్తది వేయండి. చుట్టూ సిలికాన్ పెట్టాలంటే న్యూట్రల్ రకమే అడిగి తీసుకోండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, ఆ రేకునీ రాగినీ అదే తినేస్తుంది. తడిసిన కేబుల్ ఎండినా నమ్మొద్దు, మార్చేయండి. కొత్తది లాగేటప్పుడు పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని మీదుగా కాకుండా వెనకనుంచి పోనివ్వాలి.

కొత్త సెట్టు బిగించాక ఎఫ్ఎమ్ బలహీనమైంది

కారు యాంటెన్నాలో బూస్టర్ ఉంది, దానికి 12 వోల్టులు అందడం లేదు. సెట్టు నీలం వైరును యాంటెన్నా అడాప్టరు వైరుకు కలపండి. నీలం మీద తెల్ల గీత ఉన్నది యాంప్లిఫయర్‌ది, చాలామంది ఇక్కడే తికమకపడతారు.

ఇంజిన్ రైజ్ చేస్తే కూత పెరుగుతోంది

యాంటెన్నా ప్లగ్గు పీకి వినండి. కూత పోతే అది గాలిలోంచి వస్తోంది. డాష్‌క్యామ్, చవక యూఎస్‌బీ చార్జరు, బయట వేయించిన ఎల్ఈడీ హెడ్‌లైట్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. దొంగ దొరికాక దాని వైరుకు ఫెరైట్ క్లిప్పు (వైరు చుట్టూ పట్టి గోలను అణిచే ముక్క) వేయండి, తగ్గకపోతే వస్తువే మార్చండి. ప్లగ్గు పీకినా కూత ఉంటే ఎర్త్ లోపం. ఇంజిన్ నడుస్తుండగా సెట్టు రేకుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య వోల్టేజి కొలవండి, 0.1 వోల్టు దాటకూడదు. దాటితే డాష్‌బోర్డు లోపల రంగు గీకిన రేకు మీద నల్ల వైరును విడిగా బోల్టుతో బిగించండి.

తాళం తీయగానే స్టేషన్లన్నీ చెరిగిపోతున్నాయి

పసుపు, ఎరుపు వైర్లు తారుమారయ్యాయి. పసుపుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపుకు తాళం తిప్పినప్పుడే. బ్యాటరీ నెగెటివ్ తీశాకే మార్చండి.

రాత్రిళ్లు మీడియం వేవ్‌లో ఈలలు, వేరే స్టేషన్ల మాటలు

ఇది లోపం కాదు. పగలు మీడియం వేవ్ నేలను అంటుకుని వస్తుంది, తడి, ఉప్పు ఉన్న డెల్టా నేల దానికి బాగా సహకరిస్తుంది. రాత్రి అయనావరణం (ఆకాశంలో ఎత్తున రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పొర) నుంచి దూరపు స్టేషన్ల తరంగాలు కూడా తిరిగొచ్చి ఇదే చోట కలుస్తాయి. దీనికోసం సెట్టు విప్పకండి.