ఈరోజు సముద్రంలో దిగొచ్చా? అలలు, గాలి, పోటు చూసుకోవడం ఎలా

విశాఖలో ఉండేవాళ్లకు సముద్రం రోజూ కనిపిస్తుంది. అందుకే దాన్ని సరిగ్గా చూడటం మానేస్తాం. నిన్న పిల్లలు మోకాళ్ల లోతులో ఆడుకున్న చోట ఈరోజు పెద్దవాళ్లకు కూడా కాలు ఆనకపోవచ్చు. పైకి ఒడ్డు అలాగే ఉంటుంది, నీళ్ల కింద ఇసుక మాత్రం రాత్రికి రాత్రే జరిగిపోతుంది. తుపాను రోజుల్లో ఎలాగూ ఎవరూ దిగరు. ఆకాశం నీలంగా ఉండి, గాలి చల్లగా తగిలే రోజే మనం దిగుతాం. జాగ్రత్త అవసరమయ్యేది ఆ రోజుల్లోనే.

నేను రుషికొండలో ఉదయం పూట ఈతకు, అలలు బాగున్న రోజు సర్ఫ్ బోర్డుతో వెళ్తుంటాను. వెళ్లే ముందు చూసుకునే పనికి మొత్తం అరగంట పడుతుంది. పది నిమిషాలు ఫోన్‌లో, ఇరవై నిమిషాలు ఒడ్డున. ఫోన్‌లో చూసి సరిపెట్టుకునేవాళ్లు ఎక్కువ. నా ఉద్దేశంలో ఆ ఇరవై నిమిషాలే అసలైనవి.

ముందు రోజు రాత్రి: హెచ్చరికలు ఉన్నాయా?

మొదట చూడాల్సింది అలల ఎత్తు కాదు, హెచ్చరిక. దేశంలోని తీరాలన్నిటికీ సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. 1999లో మొదలైంది. వీళ్ల వెబ్‌సైట్‌లోనూ, సముద్ర అనే యాప్‌లోనూ రాబోయే రోజుల అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలు ఉంటాయి. పెద్ద అలల హెచ్చరిక ఉంటే జిల్లాల వారీగా రంగులతో చూపిస్తారు. అది ఉన్న రోజు ప్రయాణం మానుకోండి, మిగతావేవీ చూడక్కర్లేదు.

రెండోది వాతావరణ శాఖ. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే బులెటిన్‌లో ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అన్న ఒక్క వాక్యం వెతకండి. జీవితమంతా నీళ్ల మీదే గడిపినవాళ్లను వద్దన్న రోజున మనం దిగడానికి కారణం ఉండదు.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు 1 నుంచి 11 వరకు ఉంటాయి. ఒకటో నంబరు అంటే తుపానుగా మారే అవకాశమున్న అల్పపీడనమో వాయుగుండమో దూరంగా ఉందని అర్థం. ‘ఒకటే కదా’ అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఓడలకు అది తొలి జాగ్రత్త మాత్రమే కావచ్చు, స్నానం చేసేవాళ్లకు మాత్రం చాలా పెద్ద సంగతి. అండమాన్ దగ్గర వాయుగుండం ఉండగా ఇక్కడ ఎండ కాస్తూ ఉండొచ్చు. గాలివాన కంటే చాలా ముందే దాని అలలు మన ఒడ్డుకు చేరతాయి.

పడవలు ఒడ్డునే ఉన్నాయంటే సముద్రం బాగాలేదని మన పెద్దలు చెప్పేవారు. మంచి గుర్తే. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలు ఈ గుర్తును నమ్ముకోకండి.

అలల ఎత్తు పక్కనున్న సెకన్లు చూడండి

ఏ యాప్ తెరిచినా అలకు మూడు అంకెలు కనిపిస్తాయి: ఎత్తు మీటర్లలో, వ్యవధి సెకన్లలో, వచ్చే దిక్కు. అందరి చూపూ ఎత్తు మీదే పడుతుంది. నేను ముందు సెకన్లు చూస్తాను.

వ్యవధి అంటే ఒక అల వచ్చాక తర్వాతి అల రావడానికి పట్టే సమయం. దగ్గర్లో వీచే గాలి లేపిన అలలకు ఇది నాలుగు నుంచి ఏడు సెకన్లు ఉంటుంది. అవి చిన్నవి, వంకరటింకరగా వస్తాయి, ఒడ్డు చేరేసరికి వాటి బలం చాలావరకు అయిపోతుంది. వేల కిలోమీటర్ల అవతల, హిందూ మహాసముద్రం దక్షిణాన పుట్టి రోజుల తరబడి ప్రయాణించి వచ్చే అలలు వేరు. యాప్‌లలో వీటినే స్వెల్ అంటారు. వీటి వ్యవధి పన్నెండు, పద్నాలుగు, ఒక్కోసారి పద్దెనిమిది సెకన్లు కూడా ఉంటుంది. లోతు నీటిలో ఉండగా దాదాపు కనిపించవు. ఒడ్డు దగ్గర నేల తగిలాక లేచి నిలబడతాయి.

ఒక మీటరు ఎత్తు, 8 సెకన్ల అల కంటే ఒక మీటరు ఎత్తు, 16 సెకన్ల అల రెట్టింపు శక్తిని ఒడ్డుకు తెస్తుంది. పైగా విరిగేటప్పుడు ఇంకా ఎత్తు పెరుగుతుంది. అంటే ‘ఈరోజు ఒక మీటరే’ అన్న మాటకు సెకన్లు తెలియకుండా అర్థం లేదు. గాలి లేకపోయినా అలలు ఎగసిపడే రోజుల వెనక చాలాసార్లు ఈ దూరపు అలలే ఉంటాయి. కేరళ మత్స్యకారులు దీన్ని కళ్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రం అని. ఇన్‌కాయిస్ ఇచ్చే స్వెల్ సర్జ్ హెచ్చరిక దీని గురించే.

ఇంకో విషయం. యాప్‌లో ఉండే ఎత్తు అన్నిటికంటే పెద్ద అలది కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. ఆ అంకె మీటరున్నర ఉంటే, ఎప్పుడో ఒకసారి దానికి రెట్టింపు, అంటే మూడు మీటర్ల అల కూడా వస్తుందని లెక్క వేసుకోవాలి. బండల మీద నిలబడి ఫొటోలు దిగేవాళ్లను లాక్కుపోయేది ఆ ఒక్క అలే.

రుషికొండ మటుకు నా లెక్క ఇది: ముప్పావు మీటరు లోపు, 9 సెకన్ల లోపు ఉంటే మామూలు ఈతకు పర్వాలేదు. మీటరు దాటి, 12 సెకన్లు దాటితే నడుము లోతు మించి వెళ్లను. ఇది ఈత బాగా వచ్చినవాడి లెక్క. ఈత రానివాళ్లకు మోకాలి లోతే హద్దు, అలలు ఎలా ఉన్నా సరే.

గాలి

మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు మెల్లగా గాలి వీస్తుంది. అప్పుడు అలలు నున్నగా, వరుసగా ఉంటాయి. సర్ఫింగ్‌కైనా ఈతకైనా అదే మంచి వేళ. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి తిరగబడి సముద్రం మీంచి వస్తుంది, మధ్యాహ్నానికి నీళ్లంతా గజిబిజి అయిపోతాయి. అయితే గాలితో నిండిన ట్యూబులు, బొమ్మలు తెచ్చేవాళ్లకు ఉదయపు గాలే ప్రమాదం. ఒడ్డున మెల్లగా తగిలే గాలి కూడా ట్యూబును లోపలికి తోసేస్తుంది, దాని వెనక పిల్లలు పోతారు. సముద్రానికి ట్యూబులు తేకండి.

గాలి వేగం నాట్లలో ఇస్తే రెండుతో గుణించండి, సుమారుగా గంటకు కిలోమీటర్లు వస్తాయి. యాప్ సమయం మన సమయమేనా అన్నది కూడా చూసుకోండి. గ్రీనిచ్ సమయంలో ఉంటే ఐదున్నర గంటలు కలపాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుములు మెరుపులు తెచ్చే మేఘాలు కమ్మితే పిడుగుల సంగతి చూడాలి. దామిని యాప్ దగ్గర్లో పడుతున్న పిడుగులను చూపిస్తుంది. ఉరుము వినిపించిందంటే నీళ్లలోంచి వచ్చేసి, ఇసుక మీద కూడా ఉండకుండా భవనంలోకో కారులోకో వెళ్లాలి.

పోటు, పాటు

నీళ్లు ఎక్కడం పోటు, తీయడం పాటు. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. ఒకదానికీ మరొకదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి నిన్నటి వేళను ఈరోజుకు వాడుకోకూడదు. ఆరు గంటల్లో నీళ్లు ఒకే వేగంతో కదలవు. మధ్యనున్న రెండు గంటల్లోనే సగం నీళ్లు కదిలిపోతాయి.

పంచాంగం ఇక్కడ బాగా పనికొస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ అటూ ఇటూ పోటు, పాటుల తేడా ఎక్కువ, విశాఖలో దాదాపు మీటరున్నర. అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. పాటు వేళ నీళ్లు తగ్గి సముద్రం నెమ్మదించినట్టు కనిపిస్తుంది గానీ, ఇసుక తిన్నెల మధ్య సందుల్లోంచి నీళ్లు వెనక్కి పోయే లాగుడు అప్పుడే బలంగా ఉంటుంది.

కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలకు సూర్యలంక, మంగినపూడి, భీమిలి వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పౌర్ణమి కాబట్టి నీళ్ల ఎక్కుడు దిగుడు ఎక్కువ. కార్తికం తుపానుల కాలంలోనే వస్తుంది. తెల్లవారకముందే, మసక వెలుతురులో, ముసలివాళ్లతో పిల్లలతో దిగుతాం. స్నానం మానమని చెప్పను, మా ఇంట్లోనూ ఆ స్నానం ఉంది. వెలుతురు వచ్చాక, గజ ఈతగాళ్లు ఉన్న చోట, చెంబుతో ముంచుకుని పోసుకుంటే స్నానం స్నానమే.

ఏ బీచ్‌కి?

ఒకే ఊళ్లో, ఒకే ఉదయం, నాలుగు బీచ్‌లు నాలుగు రకాలుగా ఉంటాయి. ఆర్కే బీచ్‌లో ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, నాలుగు అడుగుల్లో లోతు వచ్చేస్తుంది. అక్కడ ఇసుక కోత కూడా ఎక్కువ. మన తీరం వెంబడి ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది, ఓడరేవు గోడలు దానికి అడ్డం. అందుకే ఓడరేవులో తవ్విన ఇసుకను తెచ్చి ఈ బీచ్‌లో పోస్తుంటారు. డాల్ఫిన్ నోస్ కొండ అవతలున్న యారాడ చూడ్డానికి ఎంత అందమో దిగడానికి అంత ప్రమాదం. నేను అక్కడ పాదాలు తడుపుకోవడంతోనే ఆగిపోతాను. రుషికొండ వీటితో పోలిస్తే మేలు. శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చింది, ఈతకు హద్దులు పెట్టిన చోటు ఉంది. అయినా అది రోజూ ఒకేలా ఉండదు.

ఒడ్డున ఇరవై నిమిషాలు

బట్టలు మార్చుకోకుండా, కాస్త ఎత్తైన చోట నిలబడండి. మెట్లో, గట్టో చాలు. ఉదయం సూర్యుడు ఎదురుగా ఉండి నీళ్లు మెరుస్తాయి, లోపలి రంగు కనిపించదు. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే చాలా తేడా తెలుస్తుంది. లేకపోతే కాస్త పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి.

ఇరవై నిమిషాలు ఎందుకంటే అలలు గుంపులుగా వస్తాయి. కాసేపు చిన్నవి, తర్వాత నాలుగైదు పెద్దవి, మళ్లీ నెమ్మది. దూరపు అలలున్న రోజు రెండు గుంపుల మధ్య పది నిమిషాల పైన కూడా పట్టొచ్చు. ఆ నెమ్మదిలో వచ్చినవాళ్లు ‘ఈరోజు బాగుంది’ అని దిగేస్తారు. నేనూ ఒకసారి అలాగే దిగాను. గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఛాతీ లోతుకు వెళ్లాక వరుసగా ఐదు అలలు విరిగాయి, ఆ వెంటనే కింద ఇసుక కదిలి కాళ్లు తేలిపోయాయి. ఒడ్డున నిలబడి చూసి ఉంటే ఆ ఐదూ ముందే కనిపించేవి.

అలలు చూస్తూనే వాటి మధ్య ఖాళీని వెతకండి. రెండు పక్కలా తెల్లగా నురగ విరుగుతుంటే మధ్యలో ఒక చోట మాత్రం అల విరగకుండా, నీళ్లు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. నురగో చెత్తో అక్కడినుంచి లోపలికి కదులుతుంటుంది. కొత్తవాళ్లకు అదే మంచి చోటులా అనిపిస్తుంది. అది రిప్ కరెంట్, ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయే కాలవ. అనుమానంగా ఉంటే ఒక కొబ్బరి పీచు ముక్క విసిరి ఎటు పోతుందో చూడండి.

వల సర్దుకుంటున్న జాలరి కనిపిస్తే అడగండి. ‘అన్నా, ఈరోజు నీళ్లెలా ఉన్నాయి?’ అంటే చాలు. ‘లాగుతోంది’ అని ఆయన అన్నాడంటే ఏ యాప్ ఏం చెప్పినా నేను వెనక్కి వచ్చేస్తాను. ఎర్ర జెండా ఉన్నా అంతే. ఎరుపు, పసుపు జెండాల మధ్య చోటుంటే కాపలా ఉన్నట్టు, అక్కడే దిగండి.

లాగేస్తుంటే

ఒడ్డు వైపు ఈదకండి. ఎంత గొప్ప ఈతగాడైనా ఆ కాలవకు ఎదురు ఈదితే అలసిపోతాడు. రిప్ మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. వెల్లకిలా తేలి, ఊపిరి నిలదొక్కుకుని, చెయ్యి ఎత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. కాలవ వెడల్పు మామూలుగా కొన్ని పదుల మీటర్లే ఉంటుంది. అల విరుగుతున్న చోటికి చేరితే అలే ఒడ్డుకు తోస్తుంది.

ఒడ్డున ఉన్నవాళ్లు వెనకే దూకకూడదు. ఒకరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన ఘటనలు మన తీరంలో ఎన్నో ఉన్నాయి. ఖాళీ నీళ్ల క్యానుకు మూత పెట్టి విసరండి, తాడు ఉంటే తాడు. గజ ఈతగాళ్లను కేకేసి, 112కి ఫోన్ చేయండి. తీర రక్షక దళం నంబరు 1554.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి

ఇంటికి వచ్చాక రెండు లైన్లు రాసుకోండి: యాప్ చెప్పింది ఏమిటి, ఒడ్డున కనిపించింది ఏమిటి. యాప్ అంకెలు లోతు సముద్రానివి, మన బీచ్‌వి కావు. నెల రోజులు రాస్తే, మీ బీచ్‌లో ఏ అంకెకు ఏ నీళ్లు ఉంటాయో మీకే తెలుస్తుంది. నా పుస్తకంలో రాత ఇలా ఉంటుంది: ‘బహుళ విదియ. యాప్: 0.8 మీటర్లు, 13 సెకన్లు, దక్షిణం. గాలి లేదు. ఒడ్డున: పెద్ద అలల గుంపు పన్నెండు నిమిషాలకోసారి. మెట్లకు ఎడమ పక్క నల్లటి కాలవ, నిన్న లేదు. దిగలేదు.’