ఫ్రేమ్‌ను సాగదీసే ముందు ఒక లెక్క

ప్రయోగాత్మక డాక్యుమెంటరీకి పోస్టర్ అనగానే సినిమాలోంచి ఒక మంచి ఫ్రేమ్ తీసి, నిలువుగా కత్తిరించి, పైన పేరు పెట్టేస్తాం. స్క్రీన్ మీద బాగానే ఉంటుంది. చిక్కంతా ప్రింట్‌లోనే. 4కె ఫ్రేమ్ ఎత్తు 2160 పిక్సెళ్లు. 27×40 అంగుళాల పోస్టర్ నిండా దాన్ని పరిస్తే అంగుళానికి దక్కేది 54 పిక్సెళ్లే. దగ్గరికెళ్లి చూస్తే ముఖాలు అలికేసినట్టు ఉంటాయి.

ఆ లోపాన్ని దాచడం కంటే వాడుకోవడమే నాకు నచ్చుతుంది. ముందు ఫ్రేమ్‌ను పోస్టర్ అసలు సైజుకి పెంచండి, తర్వాతే నలుపు తెలుపు చేసి హాఫ్‌టోన్ చుక్కలుగా (ముదురు చోట పెద్దవి, లేత చోట చిన్నవి) మార్చండి. ఈ వరుస తిరగబడితే చుక్కల అంచులు కూడా మసకబారతాయి. అది రంగు కాగితం మీద ఒకే ఇంకుతో పడితే చూడాలి, భలే ఉంటుంది! ఫోటో స్పష్టంగానే కావాలంటే ఒక్కటే పెద్దగా కాకుండా పన్నెండు ఫ్రేములు చిన్నవిగా పేర్చండి. 4కె ఫ్రేమ్ 12 అంగుళాల వెడల్పు వరకు 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లకి, తగ్గదు.

అన్నట్టు, ఫెస్టివల్ లారెల్స్‌కి (సినిమా ఏ ఫెస్టివల్‌కి ఎంపికైందో చెప్పే ఆకుల దండ గుర్తులకి) పైన కాస్త జాగా వదలండి. నేనోసారి మర్చిపోయి, చివరికి వాటిని ఒక ముసలాయన నుదుటి మీద అంటించాల్సి వచ్చింది.