ఊరి ఆటస్థలం: ముందు నేల, తర్వాతే సామాన్లు

ఆటస్థలం అనగానే అందరికీ ముందు కమాను, రంగుల బోర్డు, వాలీబాల్ స్తంభాలు గుర్తొస్తాయి. అవి వారంలో నిలబడతాయి. రెండో వానకాలం దాటాక అక్కడ పిల్లలు ఆడుతున్నారా, సర్కారు తుమ్మ మొలిచిందా అన్నది మాత్రం నేల, నీడ, నీళ్లు తేలుస్తాయి. 2022 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఊళ్లలో మొదలుపెట్టిన క్రీడా ప్రాంగణాలకైనా, మహబూబ్‌నగర్, నల్లగొండ కాలనీల్లోని ఖాళీ జాగాలకైనా ఇదే లెక్క.

జాగా ఎంచుకునేటప్పుడు చెరువు శిఖం, అంటే నిండితే నీళ్లు నిలిచే నేల, జోలికి పోవద్దు. ఎండాకాలంలో చదునుగా, ముచ్చటగా కనిపిస్తుంది. చెరువు నిండిన ఏడాది స్తంభాలు నీళ్లలో ఉంటాయి. పైన కరెంటు తీగలు పోయే చోటు కూడా వద్దు. బడికి దగ్గరగా, నలుగురి కంటబడే జాగా అయితేనే ఆడపిల్లలు వస్తారు. ఊరికి కిలోమీటరు అవతల, గుట్ట వెనక ఎకరం చూపిస్తే ఒప్పుకోకండి. దానికన్నా ఊరి నడుమ పది గుంటల (పావెకరం) జాగా మేలు.

చెల్క (ఎర్ర ఇసుక) నేల అయితే రాళ్లు ఏరి, పది సెంటీమీటర్ల మొరం పోసి, తడిపి రోలర్ తొక్కిస్తే చాలు. నల్లరేగడి అయితే పని పెద్దది. అడుగు లోతు మట్టి తీసేసి, మొరం రెండు వరుసలుగా నింపాలి. ఒక్కో వరుసను తడిపి విడిగా తొక్కించాలి. రేగడి మీదే మొరం పరిస్తే వానకు కింది మట్టి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి, మొరమంతా ఆ నెర్రెల్లోకి జారిపోతుంది. చెరువు పూడిక మట్టి ఉత్తగా వస్తుందని తెచ్చి పోస్తుంటారు. అది పొలానికి బంగారం, ఆటకు పనికిరాదు. వానకు జారుతుంది, ఎండకు పగులుతుంది.

వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ కనీసం 3 మీటర్లు ఖాళీ వదలాలి. పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి. తూర్పు పడమరలుగా పెడితే సాయంత్రం ఒక జట్టు కళ్లలోకి ఎండ కొడుతుంది. నీళ్లు పోవడానికి మీటరుకు అర సెంటీమీటరు వాలు చాలు, అంటే ఈ కొస నుంచి ఆ కొసకు 9 సెంటీమీటర్లు. మేస్త్రీ దగ్గరి లెవల్ పైపుతో చూసుకోండి, కంటి అంచనాతో కుదరదు.

స్తంభాలు పక్క గీతకు మీటరు దూరంలో, అంటే రెంటికీ నడుమ 11 మీటర్లు ఉండేలా పాతాలి. నేల మీద 2.55 మీటర్లు, లోపల రెండున్నర అడుగులు. కాంక్రీటు పోసిన మర్నాడే నెట్ బిగించి లాగడం అన్ని ఊళ్లలో జరిగే తప్పు. అట్లా చేస్తే స్తంభాలు లోపలికి వంగి, ఎంత లాగినా నెట్ నడుమ జారుతూనే ఉంటుంది. వారం రోజులు నీళ్లు కొట్టి, ఆ తర్వాతే కట్టండి. నెట్ ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. స్తంభానికి రెండు కొక్కాలు పెట్టిస్తే ఎత్తు మార్చడానికి గొడవ ఉండదు.

కబడ్డీకి గట్టి నేల పనికిరాదు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున అడుగు లోతు తవ్వి, మట్టిని జల్లెడ పట్టాలి. మూడు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు ఇసుక కలిపి నింపాలి. ఆడే రోజు పొద్దున్నే తడిపి, సాయంత్రం పారతో గుల్ల చేసి చదును చేయాలి. మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోతున్నాయంటే జల్లెడ పట్టలేదని అర్థం. లాంగ్ జంప్ గుంటలో క్రషర్ డస్ట్ పోయకండి, రెండు వానలకు బండలా గట్టిపడుతుంది. వాగు ఇసుకే కావాలి. గుంట అంచుకు సిమెంటు గోడ కట్టించడం కాళ్లు విరగ్గొట్టుకోవడానికే.

చెట్లు పడమర, నైరుతి వైపున, కోర్టుకు ఐదు మీటర్ల అవతల నాటాలి. గుంతలు ఎండాకాలంలోనే రెండడుగుల లోతు తవ్వి ఉంచి, వానలు పడ్డాక జూలైలో నాటండి. వేప, కానుగ ఈ నేలకు తగినవి. కానుగను మేకలు పెద్దగా ముట్టవు, వేపకు మాత్రం తుమ్మకంప కట్టాల్సిందే. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి ఒక్కో మొక్కకు ఇరవై లీటర్లు పోయాలి. పంచాయతీ ట్యాంకర్‌కు ఏ రోజు ఈ పనో కార్యదర్శితో ముందే ఖాయం చేసుకోండి.

తాగే నీళ్లకు బోరు మీద ఆధారపడవద్దు, ముఖ్యంగా నల్లగొండ వైపు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. మిషన్ భగీరథ (సర్కారు తాగునీటి పథకం) నల్లా ఒకటి ఆటస్థలం దాకా వేయించండి. బోరు నీళ్లు చెట్లకు వాడుకోవచ్చు.

పట్నం పార్కుల్లో పాత చెట్టు ఉంటే దాని మొదలు చుట్టూ సిమెంటు అరుగు కట్టేస్తారు. నీళ్లు లోపలికి దిగవు, చెద పట్టినా కంటబడదు. మహబూబ్‌నగర్ దగ్గర దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న పాత మర్రిచెట్టు పిల్లలమర్రికే 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. చెద పట్టిన ఆ మానుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించాల్సి వచ్చింది. బెంచీలు కొమ్మల కింద కాదు, నీడ అంచున వేయండి. నడక దారి ఇద్దరు పక్కపక్కన నడిచేలా రెండు మీటర్లు ఉండాలి.

చెరువు కట్ట మీద నడక దారి వేసే ఊళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కట్ట మీద చెట్లు నాటకూడదు. వేళ్లు కట్టలోకి దిగి, చెట్టు చచ్చాక అవి కుళ్లి, ఆ సందుల్లో నీళ్లు దారి చేసుకుంటాయి. నీడ కావాలంటే కట్ట దిగువన, దూరంగా పెంచుకోవాలి. తూము దగ్గర, అలుగు దగ్గర కమ్మీలు తప్పనిసరి.

ఇక అసలు తగాదా వడ్లతో. వానకాలం పంటకూ యాసంగికీ కొనుగోలు కేంద్రం చాలాచోట్ల ఈ మైదానంలోనే పెడతారు. రైతుకు వేరే కల్లం లేనప్పుడు వద్దనడం న్యాయం కాదు. కోర్టులున్న వైపు తాడు కట్టి, లారీలు ఒకే దారిన వచ్చిపోయేలా ముందే మాట్లాడుకోండి. బస్తాలు ఎత్తేశాక చక్రాల గాడులను తడిపి, మొరంతో నింపి, వెంటనే రోలర్ తొక్కించండి. వదిలేస్తే ఆ గాడుల్లోనే వాననీళ్లు నిలుస్తాయి.