పెద్ద ప్రధాన సంఖ్యలు – 5వ పాఠం: భాగహారం లేకుండా శేషం

127 ప్రధాన సంఖ్యేనా అని తేల్చడానికి పోయిన పాఠంలో 2, 3, 5, 7, 11తో భాగించి చూశాం, సరిపోయింది. 2024 అక్టోబరులో దొరికిన 2 పవర్ 13,62,79,841 మైనస్ 1 దగ్గర ఆ పప్పులు ఉడకవు. అందులో 4,10,24,320 అంకెలున్నాయి.

2కి ఏదో ఒక పవర్ వేసి 1 తీసేస్తే వచ్చే ఇలాంటి సంఖ్యలకు లూకాస్–లేమర్ పరీక్ష ఉంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లూకాస్ మొదలుపెట్టిన పనిని 1930లో అమెరికాలో లేమర్ చక్కబెట్టాడు. 127 అంటే 2 పవర్ 7 మైనస్ 1 కదా, దానిమీదే చేద్దాం. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి, 2 తీసేసి, 127తో భాగించగా మిగిలిన శేషం ఉంచుకోండి. పవర్‌లో ఉన్న 7 నుంచి 2 తీసేస్తే 5, కాబట్టి ఇలా 5 సార్లు. చివర సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. పవర్ 3గానీ అంతకంటే పెద్ద ప్రధాన సంఖ్యగానీ అయి ఉండాలి, అంతే షరతు.

అసలు కిటుకు శేషం తీయడంలో ఉంది. 127తో భాగించినప్పుడు 128కి శేషం 1. అంటే ప్రతి 128నీ 1గా లెక్కేసుకోవచ్చు.

4, తర్వాత 14. 14 వర్గం 196, 2 పోతే 194. అందులో ఒక 128, మిగిలింది 66; కలిపితే 67. 67 వర్గంలో 2 పోతే 4487. అందులో 128లు 35, మిగిలింది 7, మొత్తం 42. తర్వాత 1762: 128లు 13, మిగిలింది 98, మొత్తం 111. చివరిది 12319: 128లు 96, మిగిలింది 31, మొత్తం 127, అంటే సున్నా. ఎక్కడా 127తో భాగించలేదు. కంప్యూటర్‌కి ఇది మరీ తేలిక, బైనరీలో, అంటే 0, 1లతోనే రాసిన సంఖ్యను రెండు ముక్కలు చేసి కూడితే చాలు. బెంగళూరు సిల్క్‌బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మనమూ ఫోన్ కాలిక్యులేటర్‌తో లాగించేయొచ్చు, బండి నడిపేవాళ్లు తప్ప.

మారతహళ్లి పీజీ హాస్టల్లో ఆదివారాలు కూర్చునే మన బ్యాచ్‌లో ఒక తమ్ముడు అడిగాడు: “అన్నా, 4తోనే ఎందుకు?” మంచి ప్రశ్న. 2+√3, 2−√3 ఈ రెండూ కూడితే 4, గుణిస్తే 1. రెండింటినీ వర్గం చేసి కూడితే 14 వస్తుంది. అదే 4ని వర్గం చేసి 2 తీసేసినా వచ్చేది. లబ్ధం 1 కాబట్టే ప్రతిసారీ తీసేయాల్సింది, అంటే లబ్ధానికి రెట్టింపు, 2 దగ్గరే ఆగుతుంది. పూర్తి నిరూపణ ఈ జంట మీదే నడుస్తుంది, దానికి ఇంకో పాఠం కావాలి.

ఈ పరీక్షకి ఒక విచిత్రమైన గుణం ఉంది. 2 పవర్ 11 మైనస్ 1, అంటే 2047కి చేస్తే చివర 1736 వస్తుంది. ప్రధానం కాదని తేలిపోయింది. కానీ 23, 89 అనే కారణాంకాల ఊసే ఎత్తదు. దొంగతనం జరిగిందంటుంది, దొంగ పేరు చెప్పదు.

ఇంటిపని: 127కే 4 బదులు 10తో మొదలుపెట్టి చూడండి, అదీ పనిచేస్తుంది. మొదటి మెట్టు 98, రెండోది 77. సున్నాకి ముందు మళ్లీ 111 వస్తే మీ లెక్క సరైన దారిలో ఉన్నట్టే.