స్లీపింగ్ డాగ్స్ మొదలుపెడితే ముందు గుళ్లు వెతకండి

ఊరంతా మన ఇష్టం వచ్చినట్టు తిరిగే ఓపెన్ వరల్డ్ వీడియో గేమ్ అనగానే అందరూ జీటీఏ దగ్గరే ఆగిపోతారు. 2012లో వచ్చిన స్లీపింగ్ డాగ్స్‌ని చాలామంది కనీసం ఇన్‌స్టాల్ కూడా చేసి ఉండరు. నాకు అదే బాధ. యాక్టివిజన్ కంపెనీ మధ్యలో వదిలేస్తే స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ చేరదీసిన ఆట ఇది. తీసిన స్టూడియో యునైటెడ్ ఫ్రంట్ 2016లో మూతపడింది.

హాంకాంగ్ ముఠాలో దొంగచాటుగా చేరిన పోలీసు వెయ్ షెన్ కథ. తుపాకులు తక్కువ, చేతులతో కొట్లాటే ఎక్కువ. ఎదుటివాడు ఎర్రగా మెరవగానే ఎదురుదెబ్బ కొట్టే కౌంటర్ బటన్ నొక్కాలి. ఆ లయ ఒక్కసారి పట్టుబడిందా, పదిమంది చుట్టుముట్టినా భయం ఉండదు.

కొత్తగా ఆడేవాళ్లు కథ వెంట పరుగెత్తకండి. సందుల్లో, కొండల మీద చిన్న చిన్న గుళ్లు కనిపిస్తాయి. ఆగి దండం పెట్టుకోండి, ఐదింటికి ఒకసారి ప్రాణశక్తి పెరుగుతుంది. మొత్తం 50 ఉన్నాయి. పచ్చరాతి బొమ్మ దొరికితే కుంగ్‌ఫూ గురువుకి ఇచ్చిరండి, కొత్త దెబ్బ నేర్పిస్తాడు. కథలో అప్పగించిన పని (మిషన్) చేసేటప్పుడు బండి మాత్రం నిదానంగా నడపండి. జనాన్ని గుద్దినా, వీధిలో సామాను విరగ్గొట్టినా పోలీసుగా మీకొచ్చే పాయింట్లు తగ్గిపోతాయి. అక్కడా మనలాగే ఎడమవైపు ట్రాఫిక్ కాబట్టి చేయి త్వరగానే అలవాటవుతుంది.

రాత్రి వాన పడుతుంటే నియాన్ బోర్డుల రంగులు తడి రోడ్డు మీద పరుచుకుంటాయి. అప్పుడు బైక్ తీసి నార్త్ పాయింట్ పేట అంతా ఊరికే ఒక చుట్టు తిరగండి. కొనేటప్పుడు 2014లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషనే తీసుకోండి, అదనపు కథలు అందులోనే ఉంటాయి.